లేని బిడ్డ మరణపత్రం

గర్భరక్షిణి యంత్రం తెర మీద భ్రమరాంబ పేరిట ఉన్న గీత మళ్ళీ పైకి లేచింది. కడుపు పండితే నెత్తుట్లో చేరే పిండకృత్తు తొమ్మిది వేలు దాటగానే శుభాకాంక్షల రాగం మోగింది. డాక్టర్ అలివేలు చిరాగ్గా దాని గొంతు నొక్కి, సూక్ష్మదర్శినిలోకి ఇంకోసారి చూసింది. జీర్ణాశయం గోడ నుంచి తీసిన ముక్క అది. ఆ మాంసకృత్తును కుప్పలుతెప్పలుగా తయారుచేస్తున్నది అందులోని కేన్సర్ కణాలే.

కడుపులోనే ఆడపిల్లల్ని చంపేస్తున్నారని, అరవై ఏళ్ళ కిందట గర్భంలోకి తొంగిచూడటాన్నే నిషేధించారు. అప్పటినుంచి ఆడదాని నెత్తుట్లో పిండకృత్తు పెరిగితే బిడ్డ ఉన్నట్టే లెక్క. గర్భరక్షిణి ఒకసారి నమోదు చేసిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెరపలేడు, బిడ్డకు హానిచేసే మందుల అర ఆ తల్లికి తెరుచుకోదు. ఇదే జబ్బు మగవాడికొస్తే సాయంత్రానికల్లా మందు ఎక్కేది. చట్టం రాసిన పెద్దల తెలివి అలా తెల్లారింది.

నలభై ఆరేళ్ళ భ్రమరాంబకు నెల తప్పింది, వాంతులవుతున్నాయి, పొట్ట పెరిగింది. పొట్టలో చేరింది నీరని అలివేలుకు తెలుసు.

"బాగా పెరుగుతున్నాడాండీ?" అనడిగింది భ్రమరాంబ, వార్డులో మంచం మీంచి.

"అది బిడ్డ కాదమ్మా. మొన్న గొట్టం వేసి ముక్క తీశాం కదా, అందులో కేన్సరుంది. లివరుక్కూడా పాకింది. ఈ వారం మందు పడకపోతే నువ్వు దక్కవు."

"ఇరవై రెండేళ్ళు గొడ్రాలనిపించుకున్నానండీ. మిషనే శుభాకాంక్షలు చెప్తుంటే మీరేంటండీ ఇలాగంటారు?"

అలివేలు ముక్క పరీక్ష కాగితం ఆమె ముందు పెట్టింది. దాన్ని చూసి భ్రమరాంబ భయపడింది.

"మీ అమ్మాయి మీద ఒట్టేసి చెప్పండి."

"నా కూతురి మీద ఒట్టు. బిడ్డ లేడు."

భ్రమరాంబ సూదికి చెయ్యి చాపి, మొహం గోడవైపు తిప్పుకుంది.

అర తెరుచుకోవాలంటే దారి ఒక్కటే, బిడ్డ చనిపోయినట్టు నమోదు చేయడం. ఆ మరణపత్రంలో 'చంపినవారు' అన్న గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. ఆ నేరానికి శిక్ష యావజ్జీవం. అలివేలు అందులో తన పేరు రాసింది.

అర తెరుచుకుంది. మందు భ్రమరాంబ నరంలోకి దిగడం మొదలైంది. అంతలో మంచం పక్కన తెర మీద 'శిశువు మృతి' అన్న ఎర్రటి అక్షరాలు వెలిగాయి. ఒట్టు ఏమైందో గాని, మిషను మాట ఆమె గుండెలో దిగబడింది.

"నా బిడ్డను పొట్టన పెట్టుకున్నావు కదే! నువ్వసలు ఆడదానివేనా!"

"తిట్టమ్మా. చెయ్యి మాత్రం కదపకు," అంది అలివేలు, సూది ఊడకుండా ఆ చేతిని పట్టుకుని. ఆమెకూ ఏడుపు ముంచుకొచ్చింది.

భటులిద్దరు వచ్చారు. మరణపత్రం ముగియాలంటే శవం చూపించాలి.

"శవమేదండీ?" అన్నాడు పెద్ద భటుడు.

"లేదు. నమ్మకపోతే గర్భంలోకి చూడండి."

చూడటం నేరం. చూడకపోతే కేసు నిలవదు. భటుడు గర్భరక్షిణిని అడిగాడు. శవం అప్పగించమంది. గర్భంలోకి చూడకూడదంది. మళ్ళీ శవం అప్పగించమంది. అరవై ఏళ్ళలో మొదటిసారి దాని గొంతు మాట మధ్యలో ఆగిపోయింది.

భటుడు నుదురు తుడుచుకుని, "చూసేద్దామండీ, ఏదైతే అదే అవుతుంది," అన్నాడు.

భ్రమరాంబ ఏడుపు ఆపి, ఖాళీగా ఉన్న చేత్తో పొట్టను కప్పుకుంది.

"వద్దు బాబూ, మీకు దణ్ణం పెడతాను. చూడకండి. నాకొక బిడ్డ ఉండేవాడనే అనుకోనివ్వండి."