కొమ్ముల బొమ్మ పుస్తకం

"చదవకుండానే అది దెయ్యాల పుస్తకమని ఎలా చెప్పావమ్మా?"

కుట్టుమిషను తొక్కుతున్న ఆమె పాదం ఆగిపోయింది. పదేళ్ళ కూతురు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి!

"ఏమైందే తల్లీ?"

"లైబ్రరీ టీచరుని మానిపించేస్తున్నారు. పుస్తకాల అల్మారాకి తాళం వేసేశారు. అర్జీలో మొదటి వేలిముద్ర నీదేనట... అందరూ నన్నే చూస్తున్నారు!"

పోయిన వారం కూతురి సంచిలో ఆ పుస్తకం కనబడింది. అట్ట మీద కొమ్ములున్న బొమ్మ! అక్షరమ్ముక్క రాని ఆమె బొమ్మనే నమ్మింది. బిడ్డ ఎక్కడ దేవుడికి దూరమైపోతుందోనన్న భయంతో పుస్తకాన్ని కొంగున చుట్టుకుని ప్రార్థన సంఘానికి పట్టుకెళ్ళింది. చదువుకున్న సంఘం పెద్దావిడైనా ఒక్క పేజీ తిప్పలేదు. "చూస్తేనే తెలియడం లేదూ!" అని టీచరుని తీసెయ్యమంటూ అర్జీ రాయించి, మొదటి వేలిముద్ర ఈమె చేతే వేయించింది.

"అసలేముందే అందులో?"

"కొమ్ములతో పుట్టిందని ఊరంతా వెక్కిరించే పిల్ల కథమ్మా. వాళ్ళమ్మ మాత్రం రోజూ ఆ కొమ్ములకి నూనె రాసి, తల దువ్వి, బడికి పంపుతుంది..."

ఆ మాట వింటూనే ఆమె సిగ్గుతో చితికిపోయింది.

మర్నాడు హెడ్‌మాస్టరు గదిలో, సంఘం ఆడవాళ్ళందరి ముందూ చేతులు జోడించింది. "నేను చదవలేదండీ. ఎవరిచేతా చదివించుకోనూ లేదు. తప్పు నాది, టీచరమ్మది కాదు."

"కూతురు ఏడ్చిందని దేవుణ్ణి వదిలేస్తావా?" పెద్దావిడ గయ్‌మంది. "ఇక నీ దగ్గర జాకెట్లు కుట్టించుకుంటే ఒట్టు!"

"దేవుణ్ణి వదల్లేదమ్మగారూ... ఆయన పేరు చెప్పి తెలియని దాని మీద నింద వేశాను. అదే ఒప్పుకుంటున్నా!"

టీచరు ఉండిపోయింది. అల్మారా తెరుచుకుంది. కానీ కూతురి సంచిలో మళ్ళీ పుస్తకం కనిపించలేదు.

"ఇంటికి తెచ్చుకోవడం లేదేమే?"

"బడిలోనే చదివేస్తున్నానమ్మా," అని నవ్వింది పిల్ల. ఎంత జాగ్రత్తగా నవ్విందో! పరాయివాళ్ళ ముందు పిల్లలు నవ్వే నవ్వు అది...

"ఈసారి తెస్తే ముట్టుకోను తల్లీ. నువ్వు కథ చెబితే వింటా... అంతే."

పిల్ల ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది.

"చెబుతాలే అమ్మా... కొన్నాళ్ళాగు."

ఎన్నాళ్ళని ఆమె అడగలేదు. అడిగే హక్కు తానే పోగొట్టుకుంది.