బార్కో ఆగదు

పలమోస్ రేవులో ఆరోజూ ఎప్పటిలాగే తెల్లారింది. రెమెయ్ రొట్టెముక్కల మీద టమాటా రుద్ది, నూనె చల్లి కూతురు కెరాల్ ముందు పెట్టింది. ఆమె ముఖం కందగడ్డలా ఉంది. తను దిద్దిపెట్టిన నవల అమ్మ చూసేసిందని కెరాల్‌కి అర్థమైంది.

రెమెయ్ పేరున్న రచయిత్రి. వయసులో ఉండగా బార్సిలోనా పత్రికలో వార్తలన్నీ సర్కారు భాషైన కాస్తీలియన్‌లోనే రాసింది. నియంత ఏలుబడిలో ఇళ్ళలో మాట్లాడే కతలాన్‌ను బళ్ళో నేర్పనిచ్చేవారు కాదు. అతను పోయాకే ఆమె ఇంటి భాషలో నవలలు మొదలుపెట్టింది. కథ చెప్పడంలో ఆమెకు తిరుగులేదు గానీ అక్షరదోషాలకు అంతు ఉండేది కాదు. వాటిని దిద్దే పని కూతురిది. అచ్చాఫీసులో ఆమె ఉద్యోగం కూడా అదే.

ఈ నవల రెమెయ్ తండ్రి కథ. సరుకుల ఓడలో పనిచేస్తూ తుఫానులో పోయాడాయన. ఓడను బార్కో అనేవాడు. ఊరంతా అలాగే అంటుంది. కానీ అది కాస్తీలియన్ నుంచి వచ్చిందని దిద్దేవాళ్ళకు గిట్టదు. అందుకే కెరాల్ పుస్తకమంతా గాలించి, బార్కో ఉన్నచోటల్లా వషెల్ అని శుద్ధమైన మాట పెట్టింది.

"మీ తాతని ఇంత దొరగారిని చేసిందెవరే?" అంది రెమెయ్.

"అచ్చులో అది తప్పమ్మా. నలుగురూ నిన్ను చూసి నవ్విపోతారు."

"నవ్వనీ. ఈ రేవులో ఏనాడైనా ఎవడైనా వషెల్ అన్నాడా?"

కెరాల్ తండ్రి నర్సీస్ కాఫీ కప్పుతో మెల్లగా బయటికి జారుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య దూరితే అప్పడమైపోతానని ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళు నోరునొక్కిన భాషని ఇప్పుడైనా శుభ్రంగా ఉంచుకోవద్దా అని కెరాల్ వాదించింది. రెమెయ్ గొంతు పెంచలేదు.

"అయితే దీన్ని కాస్తీలియన్‌లోనే రాసుకుంటా. అందులో నన్నెవరూ దిద్దలేదు."

అమ్మ ఉత్తినే బెదిరించే మనిషి కాదని కెరాల్‌కి తెలుసు. తాత కథ తాతకు రాని భాషలోకి వెళ్ళిపోతుంది, అదీ తన మూలంగా. తన దిద్దుబాటు ఎంత బాగుందో వినిపిద్దామని, తాత గుమ్మంలో రెమెయ్‌కి వీడ్కోలు చెప్పే చోటు తీసి పైకి చదివింది.

"నే పోతా తల్లీ, వషెల్ ఆగదు."

చెవికి ఎవరో అధికారి మాటలా తగిలింది. పాత మాట పెట్టి మళ్ళీ చదివింది.

"నే పోతా తల్లీ, బార్కో ఆగదు."

రెమెయ్ చేతిగుడ్డతో ముఖం కప్పుకుంది. "అచ్చం అలాగే అన్నాడే," అంది. తను పుట్టకముందే పోయిన తాత గొంతు కెరాల్ మొదటిసారి విన్నది. ఆ గొంతునే తను తుడిచేయబోయింది. దుఃఖం ఆగలేదు.

"నీ రాత ఇక ముట్టుకోనమ్మా. ఎలా రాస్తే అలాగే ఇచ్చేస్తా."

"పిచ్చిదానా, బార్కో మా నాన్నది. దాన్నొదిలెయ్. మిగతా తప్పులు నావి. మన అక్షరాలు నాకెవరూ నేర్పలేదు. కూతుర్ని అడగాలంటే ఇన్నాళ్ళూ సిగ్గేసింది."

రెమెయ్ కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది.

"ఊరికే దిద్దెయ్యకు. ఎందుకు తప్పో చెప్పు."

కెరాల్ కళ్ళు తుడుచుకుని మొదటి పేజీ తీసింది.