కఫ్యూ పంపుల మీద కన్ను

ఇంజినీర్ సియామేని అతని కారులోనే కాల్చి చంపారు.

"సైలెన్సర్ వాడారు," అంది ఇంటెలిజెన్స్ చీఫ్ నమకావ్. "కఫ్యూ నది నుంచి మన నగరానికి నీళ్ళు తోడే పంప్‌హౌస్‌కి ఇన్‌చార్జ్. మనకేదో చెప్పాలని లుసాకా బయల్దేరాడు. దారిలోనే అయిపోయాడు."

ఏజెంట్ హబీంజు బయటికి చూశాడు. నడివేసవి అక్టోబరు ఎండకి కిటికీ అద్దం కాలిపోతోంది. నగరంలో అప్పటికే కలరా తిరుగుతోంది.

"ఇది 'ఆస్ప్రే' ముఠా పని. పైకి విదేశీ కంపెనీ. మధ్యాహ్నం మంత్రితో మీటింగ్. నగరం నీళ్ళు తమకి రాసిమ్మంటున్నారు. మంత్రి ససేమిరా అంటున్నాడు. కానీ పంపులు ఆగాయనుకో..."

"పిల్లలు చస్తుంటే ఎవరైనా సంతకం పెడతారు మేడమ్."

"ముఠాలో మన మనిషి లికాండో ఉంది. అక్కడ కలుస్తుంది. ఇదుగో, వాళ్ళు బాంబు పెడితే ఈ వాచీ దాని రిమోట్ సిగ్నల్‌ని జామ్ చేస్తుంది. ఇరవై సెకన్లే."

"తరువాత?"

"తరువాత టైమ్ కూడా చూపించదు."

గ్రీజు మరకల ఓవరాల్‌తో మెకానిక్ వేషంలో హబీంజు పంప్‌హౌస్ చేరాడు. కంపెనీ అతిథిగా వచ్చిన లికాండో, పసుపు పట్టు గౌనులో, అతని పక్కన ఆగింది.

"మొక్కజొన్న ఎన్‌షిమా ఉడికిందా అన్నా?"

"ఇంకా గట్టిపడలేదు చెల్లీ."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మూడో పంపు కింద బాంబు. త్వరగా వెళ్ళు!"

పాకుతూ వెళ్ళి వెతికాడు. నూనె మడుగు తప్ప ఏమీ లేదు. పైన పంపులు రొద పెడుతున్నాయి. ఉన్నట్టుండి అతనికి తట్టింది. వీటిని పేల్చడం దేనికి? కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటి పోతే చాలు, ఊరంతటికీ గొంతెండిపోతుంది!

బయటికి పరిగెత్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్విచ్‌యార్డ్ గేటు బయట లికాండో కారెక్కబోతోంది. చేతిలో లిప్‌స్టిక్. మూత తియ్యలేదు. బొటనవేలు దాని అడుగునున్న బటన్ మీద ఉంది.

"లికాండో! జనం తాగే నీళ్ళే అవి! వాళ్ళ హక్కు!"

"హక్కు కాగితం మీద ఉంటుందిలే హబీంజు. స్విచ్ ఎవరి చేతిలో ఉంటే నీళ్ళు వాళ్ళవి."

నొక్కింది. అంతకు ముందు క్షణమే హబీంజు వాచీ నొక్కాడు.

ఏమీ జరగలేదు. ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ. అతను గేటు దూకాడు. ట్రాన్స్‌ఫార్మర్ రేకుల సందులో నల్లటి పెట్టె. గోళ్ళు విరిగేలా ఊడబెరికి, గోడ అవతలి ఎండువాగులోకి విసిరాడు. వాచీ చచ్చిపోయింది.

పెట్టె గాల్లోనే పేలింది. ఎర్రమట్టి వానలా కురిసింది. పంపుల రొద మాత్రం ఆగలేదు.

గార్డులు లికాండో చేతులు విరిచి పట్టుకున్నారు.

"సియామేని చంపించింది కూడా నువ్వేనా?"

"అతనూ నీలాగే నన్ను నమ్మాడు," అంది, కళ్ళు దించకుండా.

హబీంజు చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"నీళ్ళొస్తున్నాయా మేడమ్?"

"ధారగా వస్తున్నాయి. మంత్రి ఆ కంపెనీ వాళ్ళని బయటికి గెంటించాడు. కానీ హబీంజు, ఆఫీసులో ఇప్పుడే కరెంటు పోయింది!"

"కంగారుపడకండి మేడమ్. అది ముఠా పని కాదు, మీ పేటకి ఇవాళ కోత."