కడిగి ఇచ్చిన సూదులు

తాయారు వేసిన పద్నాలుగు సూదుల్నీ మింగి పెట్టె గుర్రుమంటోంది. మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలూ ఆవిడ సింహాద్రి అప్పన్నను తలుచుకుంటూనే నిలబడింది.

ఆ కాలానికి విశాఖపట్నంలో వార్డుకొక సూదుల పెట్టె వచ్చేసింది. మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు వెంటనే మానలేకపోయినా, ఒకరి సూది ఒకరు వాడి రోగాలు తెచ్చుకోకూడదని పాత సూది తీసుకుని కొత్తది ఇవ్వడం ఎప్పటినుంచో ఉన్నదే. పోర్టు క్వార్టర్స్ సెంటర్లో మొన్నటిదాకా ఆ పని ఏసుదాసు చేతులతో చేసేవాడు. ఇప్పుడు పెట్టె చేస్తోంది. సూదిలో మిగిలిన నలుసంత నెత్తుర్ని సెన్సర్‌తో చదివి, అందులో మందుందా, వైరస్ ఉందా చెబుతుంది. పేరు అడగదు, ఫొటో తీయదు. నంబరున్న ప్లాస్టిక్ బిళ్ళ ఒక్కటి చూపిస్తే చాలు. మూడు వారాలపాటు మందు ఆనవాలు కనబడకపోతే మాత్రం, ఆ మనిషి మానేశాడని లెక్కేసి కొత్త సూదులు ఆపేస్తుంది.

పచ్చదీపం వెలిగింది.

“బిళ్ళ నంబరు నలభై ఒకటి. మూడు వారాలుగా మందు ఆనవాలు లేదు. అభినందనలు.”

పెట్టెను తయారుచేసిన డాక్టర్ హైమవతి ఆ రోజు అక్కడే ఉంది. పరుగున వచ్చి తాయారు చేతులు పట్టుకుంది. “మీ తమ్ముడు మానేశాడమ్మా! మిగిలిపోయిన సూదులే తెచ్చి ఇస్తున్నారన్నమాట.”

పొద్దున్న తమ్ముడు శేషు కంటిపాపలు, మందెక్కినప్పటిలాగే, ఆవగింజల్లా ఉండటం తాయారు చూసింది. అయినా ఇంత చదువుకున్న తల్లి చెబుతోంది. అప్పన్న కరుణించాడేమో.

“మానేసినోడు మొన్న బజార్లో కూకుని తూలతాడేటి డాక్టరమ్మా?” అన్నాడు ఏసుదాసు. ఒకప్పుడు తనూ ఆ సూదికి దాసుడే.

“మనుషులు అబద్ధం చెబుతారు దాసూ. నెత్తురు చెప్పదు.”

తాయారు ఖాళీ స్టీలు డబ్బాతో ఇంటికొచ్చింది.

“మానేశావా నాన్నా?” అని అడిగింది తమ్ముణ్ణి. పోర్టు క్రేన్ మీంచి పడి నడుం విరిగిన మనిషి శేషు. నొప్పికని మొదలైన ఇంజెక్షన్ నొప్పికంటే గట్టిగా పట్టుకుంది.

“ఎవరు చెప్పారక్కా?”

“పెట్టె.”

“అయితే దాన్నే అడుగు, నా నడుం కూడా బాగైపోయిందేమో.”

నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు. ఆ నవ్వులో నిజం ఉందో లేదో తేల్చుకోలేక రెండు రోజులు గడిపింది. మూడోనాడు మధ్యాహ్నం దుప్పటి దులుపుతుంటే ఒక సూది బయటపడింది. మొన వంగిపోయి, పిచికారీ మీదున్న అంకెలు చెరిగిపోయి ఉంది.

“ఎవరిదిరా ఇది?”

“గంగులుది. వాడు వాడాక ఇచ్చాడు. నువ్వు తేలేదుగా.”

ఆవిడ పట్టకారుతో సూది పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. అలవాటుకొద్దీ స్టవ్ మీద నీళ్లు పెట్టి, చిటికెడు పసుపు వేయబోయి ఆగిపోయింది.

“ఇరుగమ్మ గిన్నె కడక్కుండా తిరిగివ్వకూడదే. ఎంగిలి మనది, గిన్నె వాళ్లది” అనేది నాయనమ్మ. ఆ మాట పట్టుకుని రెండేళ్లుగా ప్రతి సూదినీ మరిగే పసుపునీళ్లలో ముంచి, పిచికారీ లోపలా మూడుసార్లు కడిగి, ఆరబెట్టి మరీ పట్టుకెళ్లింది. “నీ సూదులు పెళ్లిచూపులకొచ్చినట్టుంటాయక్కా” అని ఏసుదాసు వేళాకోళమాడేవాడు. అతనికి లెక్క సరిపోతే చాలు. కడగమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ ఎవరూ చెప్పలేదు.

స్టవ్ ఆపేసింది. ఆ సూదిని కడక్కుండానే డబ్బాలో పెట్టుకుని ఎండలో సెంటర్‌కి పరుగెత్తింది. డాక్టర్ ఆ రోజూ అక్కడే ఉంది.

అంతా విన్నాక డాక్టర్ ముఖం పాలిపోయింది. “కడిగారా? ఎందుకమ్మా?”

“తిరిగిచ్చే వస్తువు కదమ్మా.”

డాక్టర్ స్క్రీన్ వైపు తిరిగింది. ఆ వార్డులో మానేశారని వెలిగిన పచ్చదీపాలు పదకొండు.

“ఇంటోళ్ల సూదులు మోసుకొచ్చే అమ్మలూ అక్కలూ కూడా పదకొండుమందే డాక్టరమ్మా,” అన్నాడు ఏసుదాసు నెమ్మదిగా. “ఏ ఇంట ఎంగిలి గిన్నె తిరిగిత్తారు?”

తాయారు బిళ్ళ చూపించి సూదిని పెట్టెలో వేసింది. ఈసారి మూడు నిమిషాలూ దేవుడి పేరు కూడా నోట రాలేదు.

ఎర్రదీపం.

“ఈ సూదిలో ఇద్దరి నెత్తురు ఉంది. ఒకరిలో హెపటైటిస్ సి వైరస్ ఉంది.”

“ఎవరిలో? మావాడిలోనా?” ఆవిడ పెట్టెనే అడిగింది.

“దానికి తెలీదమ్మా,” అంది డాక్టర్. “మీవాడి నెత్తురు అదెప్పుడూ చూడలేదు. ఇద్దర్నీ తీసుకురండి, ఇప్పుడే పరీక్ష చేద్దాం.”

తాయారు వెనక్కి తిరగబోయింది. అంతలో కొత్త సూదులు గలగలా డబ్బాలోకి రాలాయి.

“నలభై ఒకటి. ఇద్దరూ కొత్తవారు. స్వాగతం.”