రక్తంలో సీసం

"డాక్టర్ సూర్యనారాయణది యాక్సిడెంట్ కాదు. లారీతో గుద్దించి చంపారు," అన్నారు చీఫ్. "అనకాపల్లి జనం రక్తంలో సీసం ఎంతుందో కొలిచే సర్వే ఆయనది. పాత బ్యాటరీలు దిగుమతి చేసుకుని అక్కడ కరిగించి సీసం తీస్తున్న విదేశీ ముఠాకి ఆ రిపోర్టు బయటికి రాకూడదు. శాంపిళ్లు మార్చేస్తారు. కాపాడాలి. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్: 'పాకం ముదిరిందా?'"

ల్యాబ్ టెక్నీషియన్ వేషంలో, మోహిత్ అనే పేరుతో ఏజెంట్ ధనుంజయ్ అనకాపల్లిలో దిగాడు. రెండు నెలల్లో ఆరువందల మంది రక్తం తీశాడు. ఫోన్ చెయ్యడానికి ఇంట్లో ఎవరూ లేరు. గదిలో పలకరించేవారు లేరు. భోజనం చేశావా అని అడిగేది సర్వే ఆఫీసర్ రాజశ్రీ ఒక్కతే. అందగత్తె. అతనికి ఆమె మీదే అనుమానం.

బెల్లం మార్కెట్లో పనిచేసే కాసులమ్మ తన మనవరాలు చిన్నారిని తీసుకొచ్చింది. "ఎప్పుడూ కడుపునొప్పంటాది బాబూ. నిన్న సదివింది ఇయ్యాల గురుతుండదు." పిల్లకి రక్తం తీసి దూది అద్దుతుంటే కాసులమ్మ అడిగింది: "నువ్వేటి, ఒక్కడివే ఉంతన్నావా? నీకెవులూ నేరా?"

"లేరమ్మా." ఆ ఊళ్లో అతను చెప్పిన మొదటి నిజం అదే.

శాంపిళ్లతో అతను హైదరాబాద్ రైలెక్కాల్సిన మధ్యాహ్నం. రైలు వచ్చి ఆగింది. ఆగేది రెండే నిమిషాలు. ఫోన్లో చూసి ఉలిక్కిపడ్డాడు. కోల్డ్ బాక్స్ చేతిలోనే ఉంది. బాక్సులో దాచిన ట్రాకర్ మాత్రం ఆటో స్టాండ్లో ఉంది!

పరుగెత్తాడు. ఆటోలో రాజశ్రీ. ఒళ్లో అచ్చం అలాంటి బాక్సే. పిస్టల్ తీశాడు.

"పాకం ముదిరిందా?" అందామె నెమ్మదిగా.

డ్రైవర్ నడుము దగ్గరికి చెయ్యి పోనిచ్చాడు. అంతకంటే ముందే రాజశ్రీ పిస్టల్ వాడి చెవికి ఆనింది. "వీడు చూస్తుంటే మార్చక తప్పలేదు. తీసుకో. రైలు!"

ఆమె ఒళ్లోని బాక్సు అందుకుని పరుగెత్తాడు. కదిలిన రైలు చివరి బోగీ కడ్డీ అతని చేతికి అందింది.

"నీ అసలు పేరేంటి?" అని వెనక్కి తిరిగి అరిచాడు. దూరంగా ఆమె పెదవులు కదిలాయి. రైలు మోతలో ఏమీ వినబడలేదు. హైదరాబాద్ దాకా ఆ పెదవుల కదలికకి సరిపోయే పేర్లు వెతుకుతూ కూర్చున్నాడు.

రిపోర్టు వచ్చింది. బ్యాటరీలు కరిగించే కొలిమికి సీలు పడింది. చిన్నారికి వైద్యం మొదలైంది.

"ఆరువందల ఒకటో శాంపిల్ ఎవరిదయ్యా?" అడిగారు చీఫ్.

"నాదే సార్. ఆఖరి రోజు ఎవరూ రాలేదు. తోచక తీసుకున్నాను."

"సీసం నీకూ ఎక్కువే ఉంది. సెలవు పెట్టి కొన్నాళ్లు ఇంట్లో ఉండు."

"సెలవొద్దు సార్," అన్నాడు ధనుంజయ్. "ఇంట్లోనూ ఒక్కణ్ణే. సీసమైతే మందుకి తగ్గుతుంది."