మూడో గంట తర్వాత

టెస్సా మా ఊళ్ళో కాలు పెట్టకముందే మా ఊరి వరదని మూడడుగులు దించేసింది.

మా ఊరు హాల్స్‌ఫర్డ్. స్టేషన్ థేమ్స్ నదికి అవతలి ఒడ్డున ఉంటుంది. ఇవతలికి రావాలంటే నా పడవే గతి. వంతెన చాలా దిగువన ఉంది, అంత దూరం నడిచే ఓపిక ఎవరికీ లేదు. పడవెక్కిన కొత్తవాళ్ళకి ఊరి గొప్పలు చెప్పమని నాకెవరూ జీతమివ్వరు. మా తాత చెప్పేవాడు, మా నాన్న చెప్పేవాడు, అందుకని నేనూ చెబుతాను. అన్ని గొప్పల్లోకీ పెద్ద గొప్ప మా చర్చి గోడ మీది వరద గీత.

"అదుగో, ఆ రాయి మీద గీత కనబడుతోందా? పాత వరదలో నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి. ఈ నది మీద ఇంకే ఊళ్ళోనూ అంత ఎత్తు రాలేదు," అన్నాను ఆ రోజు తెడ్డు ఆపి.

పడవలో ముగ్గురున్నారు. ఇద్దరు "అబ్బో" అన్నారు. మూడో మనిషి, ఎర్ర రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి, గోడనొకసారి, పక్కనున్న మిల్లునొకసారి చూసింది.

"అంత ఎత్తు వస్తే ఆ మిల్లు కిటికీలు మునిగిపోవాలి కదా. లోపల పిండి ఏమైంది?"

"చేపలు తినేసుంటాయి."

"గోడ పడిపోతే మళ్ళీ కట్టుంటారు. కట్టేటప్పుడు ఆ రాయిని పై వరసలో, మూడడుగులు ఎక్కువ ఎత్తున పెట్టేశారు. దాని చుట్టూ రాళ్ళ రంగు వేరుగా ఉంది, చూడండి."

పుట్టినప్పటినుంచీ చూస్తున్న గోడ. అది రెండు రంగుల్లో ఉందని ఆ రోజే చూశాను. మిగతా ఇద్దరూ నవ్వు దాచుకోవడానికి నీళ్ళలోకి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇంతకీ మీరెవరండీ?" అన్నాను.

"టెస్సా. ఒడ్డున పెట్టే బోర్డుకి ఊరి చరిత్ర రాయమని మీ ఊరి కౌన్సిల్‌వాళ్ళే పిలిచారు. మీ పేరు?"

"రూబెన్," అని మళ్ళీ తెడ్డు అందుకున్నాను.

సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. కొత్తమ్మాయి వరద తగ్గించేస్తోందట అని పబ్బులో పెద్దవాళ్ళు బీరు పక్కన పెట్టి మరీ తిట్టారు. బోర్డు మీద రాయబోయేది చదివి వినిపించే రోజున హాలు నిండిపోయింది, నిలబడ్డానికి చోటు లేదు. ఆమె మిల్లు గురించి చదివింది, రేవు గురించి, ఎగువన ఉన్న లాకు గురించి చదివింది. తర్వాత చర్చి వచ్చింది. హాల్లో దగ్గు కూడా ఆగిపోయింది.

"నీళ్ళు ఈ గీత దాకా వచ్చాయని హాల్స్‌ఫర్డ్‌వాళ్ళు తాతల నాటినుంచీ చెప్పుకుంటారు," అని చదివింది టెస్సా.

చప్పట్లు మోగిపోయాయి. బయట ఆమె కోసం ఆగాను.

"అబద్ధం రాశారేం?"

"ఏది అబద్ధం? చెప్పుకుంటారా, లేదా?"

"చెప్పుకుంటారు."

"మరింకేం? రాళ్ళు కొలిచేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు రూబెన్. చెప్పుకునేవాళ్ళే దొరకరు." కోటు బొత్తాలు పెట్టుకుంటూ, "నువ్వు చేపల సంగతి భలే చెప్పావు. అది కూడా రాద్దామనుకున్నాను," అంది.

నేను పడిపోయింది ఆ మాటకే.

ఆమెని గంటల గదికి తీసుకెళ్ళింది మాత్రం నేను కాదు, మార్జరీ గారు. మా చర్చి గోపురంలో ఆరు గంటలు. కింద గదిలో గుండ్రంగా ఆరుగురం నిలబడి ఆరు తాళ్ళు లాగుతాం. మార్జరీ గారు మాకు పెద్ద. డెబ్బై ఏళ్ళు దాటాయి, పిడికెడంత మనిషి, అయినా ఆరో గంట, అన్నిటికన్నా బరువైంది, ఆవిడదే. మూడో గంట మోగించే పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేనన్న వారమే, చరిత్ర కోసం గోపురం చూస్తానని టెస్సా పైకొచ్చింది. మార్జరీ గారు ఆమె చేతికి తాడిచ్చేసింది.

"చూస్తే ఏం తెలుస్తుందమ్మాయ్. లాగు," అంది.

టెస్సా మూడో గంట. నాది నాలుగు.

గంటలు మోగించడంలో ఒక పద్ధతుంది. ఎవరూ తమ తాడుని చూసుకోరు. ముందువాళ్ళ చేతుల్ని చూడాలి. వాళ్ళ చేతులు దిగితే, ఒక్క క్షణం ఆగి, మన చేతులు దిగాలి. రెండోవాళ్ళని మూడోవాళ్ళు, మూడోవాళ్ళని నాలుగోవాళ్ళు. అంటే ప్రతి ఆదివారం పొద్దునా, చర్చిలో, అందరి ఎదురుగా, టెస్సా చేతుల్ని రెప్ప వేయకుండా చూడడం నా ధర్మం. ఇంతకన్నా దేవుడు నాకేం చెయ్యాలి?

ఆమె చేతులు నాకు కంఠతా వచ్చేశాయి. ఎడమ బొటనవేలి దగ్గర ఎప్పుడూ సిరా మరక. తాడు పైకి వెళ్ళేటప్పుడు మడమలు కొద్దిగా లేస్తాయి. వానొచ్చిన రోజు మణికట్టు దగ్గర ఎర్ర కోటు చెయ్యి తడిసి ముదురు రంగులో ఉంటుంది. వేసవంతా నా పడవలో తిరిగింది, వరద గీత మీద నన్ను ఏడిపించింది, లాకు గేటు మీద కూర్చుని నా శాండ్‌విచ్‌లో సగం తినేసింది. నేను మాత్రం అసలు మాట తప్ప అన్నీ మాట్లాడాను.

ఆకులు రాలే కాలానికి బోర్డు లేచింది, ఆమె పని అయిపోయింది. యార్క్‌లో ఒక మ్యూజియంలో ఉద్యోగం వచ్చింది. అవతలి ఒడ్డుకి చేర్చాల్సింది ఎవరు? నేనే. వాన పడుతోంది. పడవలో మేమిద్దరమే.

"మంచి ఉద్యోగమేనంటావా?" అంది.

"చాలా మంచిది."

"చాలా దూరం కదా?"

"రైలుంది."

వాన నీళ్ళు పడవలో ఆమె బూట్ల చుట్టూ చేరాయి.

"ఇంకేమైనా చెబుతావా రూబెన్?"

చెప్పాలనే ఉంది. మా ఊళ్ళో ఏముందని ఆగమంటాను? ఒక మిల్లు, ఒక చర్చి, ఎత్తు ఎక్కువ చెప్పుకునే ఒక వరద. అంత తెలివైన పిల్లని రేవుకి కట్టేసుకోవడం ఏం న్యాయమని, నీళ్ళు నమిలి నమిలి, చివరికి "గొడుగు మర్చిపోకు," అన్నాను.

గొడుగు తీసుకుని దిగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. నా చేతులతో నేనే దాటించిన మనిషి, ఎవరిని అనను?

ఆ ఆదివారం అయిదుగురం మిగిలాం. మూడో తాడు మేకుకి వేలాడుతోంది. రెండో గంట అయిన వెంటనే ఇప్పుడు నాది మోగాలి. మోగలేదు. రెండో గంట తర్వాత నా చేతులు ఆగాయి, అక్కడ లేని ఆమె చేతులు దిగేదాకా ఆగి, అప్పుడు లాగాను. ఒకటి, రెండు, ఖాళీ, నాలుగు, అయిదు, ఆరు. మళ్ళీ ఒకటి, రెండు, ఖాళీ.

వచ్చే వారం సరిచేసుకుంటానన్నాను. చలికాలమంతా చెయ్యలేకపోయాను. మనసులో దాచుకున్నది ఎవరికీ తెలియదనుకునేవాళ్ళని చూస్తే నాకు అసూయ. నాది ప్రతి ఆదివారం గోపురం మీదినుంచి నది రెండు ఒడ్డులకీ వినబడేది. కూరగాయలమ్మే ఆయన నన్ను చూడగానే "రెండు..." అని ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నాలుగు," అనేవాడు. పబ్బులో బీరు రెండు గ్లాసుల తర్వాత ఒకటి వదిలేసి పోసేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికొచ్చాక నవ్వొచ్చేది కాదు. రైలు అవతలి ఒడ్డున ఆగినప్పుడల్లా ఎర్ర కోటు కోసం చూసి, దిగినవాళ్ళని దాటించి, మళ్ళీ రైలు కోసం చూసేవాణ్ణి.

మార్చిలో ఒక ఆదివారం గంటలు అయ్యాక మార్జరీ గారు అందరినీ పంపేసి నన్ను ఆపింది.

"ఆ సందు పూడ్చే ఉద్దేశం ఉందా నీకు?"

"ప్రయత్నిస్తున్నానండీ."

"ఆర్నెల్లనుంచీ చూస్తున్నాను నీ ప్రయత్నం. పోయినవారం మన గంటలు విని ఫాదర్ గారు కూడా ఎవరైనా పోయారా అని అడిగారు. ఆ పిల్లకి చెప్పావా?"

"ఏం చెప్పనండీ, అంత మంచి ఉద్యోగం..."

"ఉద్యోగం సంగతి ఆ పిల్ల చూసుకుంటుంది. మన బోర్డు చూసి నది మీద సగం ఊళ్ళవాళ్ళు తమకీ రాయించమని మన కౌన్సిల్ వెంట పడుతున్నారు. నేనడుగుతున్నది నీ సంగతి. అడగందే అమ్మయినా పెట్టదు. నువ్వు అడిగావా, లేదా?"

తల అడ్డంగా ఊపాను.

"తను అక్కడ ఒక చర్చిలో గంటలు మోగిస్తోంది. మంగళవారం సాయంత్రం వాళ్ళ ప్రాక్టీసు. నీకు పిలుపక్కర్లేదు. ఈ దేశంలో ఏ గోపురమెక్కినా, గంటలోడినన్న వాడికి తాడివ్వాల్సిందే. అదైనా గుర్తుందా, లేక అదీ మర్చిపోయావా?"

"మరి రేవు?"

"నేను చూసుకుంటాను. నాకు తెడ్డు వెయ్యడం మీ తాత నేర్పాడు. ఎందుకు నేర్పాడని అడక్కు."

యార్క్‌లో ఆ చర్చి చిన్నది, మెట్లు ఇరుకు. పైకెక్కేసరికి నాకు ఆయాసం, ఆ పైన భయం. టెస్సా ఇంకా రాలేదు. అక్కడి పెద్ద ఆల్బన్ గారు, లావుపాటి మనిషి, నేనెవరినని కూడా అడగలేదు.

"ఏ గంట మోగిస్తారు?"

"నాలుగండీ."

"దేవుడు పంపినట్టొచ్చారు. మా నాలుగో గంటవాడు ఊళ్ళో లేడు. ఒక్క సంగతి ముందే చెబుతాను, ఏమనుకోకండి. మా మూడో గంట అమ్మాయి బాగానే మోగిస్తుంది గానీ ఒక పాడలవాటు. ముందున్న రెండోవాళ్ళ చేతుల్ని చూడాలి కదా, ఈ పిల్ల తన తర్వాత వచ్చే నాలుగోవాడి వైపు చూస్తుంది. వచ్చిన రోజునుంచీ చెబుతున్నాను, మెడ అటే తిరుగుతుంది. ఇలా ఎవరు నేర్పారో, ఏ ఊళ్ళో నేర్పారో."

ఆయన చేతిలోంచి నాలుగో తాడు అందుకున్నాను.

ఆ వేసవంతా నేను ఆమె చేతుల్నే చూశాను. చేతుల్ని చూడడమే నా ధర్మమనుకుని, గంటల దగ్గర ఒక్కసారైనా తలెత్తి మొహం చూడలేదు. ఆ మొహం ఎటు తిరిగి ఉందో నాకు తెలియనే తెలియదు.

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. టెస్సా లోపలికొచ్చింది, జుట్టు తడిసి ఉంది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆల్బన్ గారి మాటలు మెట్ల దాకా వినబడే ఉంటాయి, చెవులదాకా ఎర్రబడింది.

"నువ్వేమిటి ఇక్కడ?" అంది.

"తాడిస్తారని."

"దానికి ఇంత దూరం రావాలా?"

"మీరు ఒకరికొకరు తెలుసా?" అన్నారు ఆల్బన్ గారు. గదిలో మిగతా నలుగురూ తాళ్ళు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. జీవితంలో నేను సిగ్గుపడాల్సినంతా ఆ చలికాలమే పడి వచ్చాను, ఇంక మిగల్లేదు.

"ఆ రోజు పడవలో వెళ్ళొద్దని చెప్పాలనుకున్నాను టెస్సా. నువ్వంటే ప్రేమని చెప్పాలనుకున్నాను."

"గొడుగని చెప్పావు."

"నోరు పెగల్లేదు."

"ఇప్పుడు పెగిలిందా?"

"పెగిలింది. వచ్చెయ్."

ఆమె తన తాడు దగ్గరికొచ్చి నిలబడింది. మా మధ్య ఒక్క చెయ్యి దూరం. వాన వాసన వస్తోంది.

"బోర్డుల పని ఉంది, చేస్తావా అని మీ కౌన్సిల్‌వాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు," అంది మెల్లగా. "ఏమీ చెప్పలేదు నేను. నువ్వు పిలవని ఊరికి ఏ మొహం పెట్టుకుని రాను? సరే, వచ్చెయ్ అంటే ఎప్పుడు?"

"నీకు వీలున్నప్పుడు..."

"మళ్ళీ నీళ్ళు నములుతున్నావు రూబెన్."

"ఈ ఆదివారం," అన్నాను. "పొద్దున గంటలకి. నేనే దాటిస్తాను. మళ్ళీ అవతలి ఒడ్డున దించను."

టెస్సా రెండు చేతులతో తాడు అందుకుంది. ఈసారి నేను ఆ చేతుల్ని చూడలేదు, మొహమే చూశాను.

"ఆల్బన్ గారూ," అంది నా వైపు నుంచి చూపు తిప్పకుండా, "ఆదివారం మూడో గంటకి ఇంకెవరినైనా చూసుకోవాలండీ."

"ఈ ఒక్క వారానికేనా అమ్మా?"

"కాదండీ," అంది టెస్సా.