బుడంకాయ కంటికి అతుకు

ఆ ఉదయం ఇంట్లో చేయవలసిన పనులు: ముప్ఫై బడి చొక్కాలకు కాజాలు తీయాలి, కారుతున్న కుళాయి బాగుచేయించాలి, నానమ్మ మోకాళ్ళకు మందు రాయాలి, బుడంకాయ కన్ను ఎందుకు ఎర్రబడిందో చూడాలి.

కూతురు చివరి పనే ముందు చేసింది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. పశువైద్యం చదివి, కంటి ఆపరేషన్లు నేర్చుకుని వచ్చి మూడు నెలలైంది. బుడంకాయ, దర్జీ నాన్న కుట్టుమిషను కింద పడుకునే చప్పిడిముక్కు కుక్క. ఆమె టార్చి వేసి చూసింది. నల్లగుడ్డు మీద పుండు గుంటలా దిగింది. ఇంకాస్త దిగితే కన్ను పగిలిపోతుంది.

"నాన్నా, దీని కంట్లో ఏమైనా వేశావా?"

"నేనేం వేస్తాను? పెద్ద డాక్టరు దగ్గరికి పోదాం పద. నువ్వు నిన్నగాక మొన్న నేర్చుకున్నదానివి."

"ఆయన ఊళ్ళో లేరు. ఇది రేపటిదాకా ఆగదు. నిజం చెప్పు."

"చెప్పాగా" అంటూ నాన్న సూదిలో దారం ఎక్కించబోయాడు. మూడుసార్లు తప్పింది.

మంచం మీంచి నానమ్మ అందుకుంది. "ఒరేయ్, నీ కంటి ఆపరేషనప్పటి చుక్కలు నాలుగు రోజులుగా దానికి పోస్తున్నావుగా. చెప్పి చావరాదూ."

"నువ్వూరుకోమ్మా."

"నేనూరుకుంటే దాని కన్నొస్తుందా?"

నాన్న తల దించుకున్నాడు. "నాకు పనిచేసిన మందే కదా అనుకున్నా."

"అది వాపు తగ్గించేది నాన్నా. పుండు మీద పోస్తే మాననివ్వదు." ఇంకో మాట నోటిదాకా వచ్చింది. ఆయన దించిన తల చూసి మింగేసింది. "తెల్లగుడ్డు మీది పలుచటి పొర జరిపి, గుంట మీద కప్పి కుడతాను."

"అతుకన్నమాట."

"అతుకే."

"అయితే లాగి కుట్టకు. బిగువైన అతుకు కుట్టు దగ్గరే చినుగుతుంది."

"మా మాస్టారూ అదే అన్నారు."

"ఆయనా దర్జీయేనా?"

పశువుల ఆసుపత్రిలో బుడంకాయకు మత్తిచ్చి, సూక్ష్మదర్శిని కింద, వెంట్రుకకన్నా సన్నని దారంతో, గంటన్నర కుట్టింది. ఎక్కడా లాగలేదు.

ఆరు వారాలకు కూతురు బుడంకాయ మంచి కన్నును చేత్తో మూసి, దాని ఎదురుగా పైనుంచి చప్పుడు లేకుండా దూదిపింజ వదిలింది. బుడంకాయ తల దానివెంటే నేలదాకా దిగింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ దిగింది. నాన్న గుమ్మంలోకి పరుగెత్తి, చొక్కాల కోసం వచ్చినవాళ్ళందరినీ లోపలికి పిలిచాడు.

"మా అమ్మాయి కుట్టు చూడండి. నా కుట్టుకన్నా సన్నం" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

అందరూ కూతురిని మెచ్చుకున్నారు. నాన్న సలహానూ మెచ్చుకున్నారు. కొడుకు పరువుకన్నా కుక్క కన్ను ముఖ్యమని నిజం చెప్పిన నానమ్మను ఎవరూ తలుచుకోలేదు. మీరైనా ఆవిడను గుర్తుంచుకోండి.